పదవీ విరమణ తరువాత కర్నూలా, అనంతపురమా, కడపా?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, చదివే మిగతావారికి కూడా తెలియాలి కాబట్టి. మీరు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నారు, వచ్చే జూన్‌లో విరమణ. జమ్మలమడుగు దగ్గరి సొంత పల్లెలో ఇల్లు అన్నదమ్ముల భాగాల్లో పోయింది. అబ్బాయి బెంగళూరులో ఉన్నాడు. ఎనభై రెండేళ్ల అమ్మగారు మీతోనే ఉంటారు, ఆవిడకు గుండె జబ్బు ఉంది. మీ శ్రీమతి గారికి ఎండ పడదు. రాయలసీమకే తిరిగి వచ్చి కర్నూలు, అనంతపురం, కడపల్లో ఒకచోట ఇల్లు కొనుక్కోవాలని మీ ఆలోచన, వాటిలో ఏది మేలని ప్రశ్న.

నేను ప్రజారోగ్య ఇంజనీరింగు శాఖలో ముప్పై రెండేళ్లు పనిచేశాను. అందులో కర్నూలులో పదకొండేళ్లు, అనంతపురంలో తొమ్మిదేళ్లు, కడపలో రెండు దఫాలుగా ఎనిమిదేళ్లు గడిచాయి. పని అంతా తాగునీటి పథకాల మీదనే. అందువల్ల ఏ ఊరికి వెళ్లినా నా చూపు గుడి గోపురం మీద కంటే ముందు ఓవర్‌హెడ్ ట్యాంకు మీద పడుతుంది. ఆ వంకర చూపు ఈ సమాధానంలోనూ ఉంటుందని ముందే ఒప్పుకుంటున్నాను. ప్రస్తుతం కడపలో స్థిరపడ్డాను. అయితే అది ఊళ్లను పోల్చి చేసుకున్న ఎంపిక కాదు, మా ఆవిడ పుట్టిల్లు ఇక్కడ.

బయటివారు ఈ మూడింటినీ కలిపి సీమ పట్టణాలని ఒకే గాటన కడతారు. ఉండి చూసినవారికి మాత్రం ఇవి మూడు వేర్వేరు దిక్కులకు వాకిలి పెట్టుకున్న ఇళ్లలా కనిపిస్తాయి. కర్నూలు వాకిలి హైదరాబాదు వైపు, అనంతపురం వాకిలి బెంగళూరు వైపు, కడప వాకిలి తిరుపతి, మద్రాసుల వైపు ఉన్నాయి. పెద్ద జబ్బు చేసినా, పెళ్లి బట్టలు కొనాలన్నా, పిల్లలు చదువుకో ఉద్యోగానికో ఊరు దాటినా, ఒక్కో ఊరి జనం ఒక్కో దిక్కుకు బస్సెక్కుతారు. కర్నూలు నుండి హైదరాబాదు సుమారు 215 కిలోమీటర్లు, అనంతపురం నుండి బెంగళూరు కూడా ఇంచుమించు అంతే, రెండింటికీ దారి 44వ నంబరు జాతీయ రహదారే. కడప నుండి తిరుపతి సుమారు 140 కిలోమీటర్లు, చెన్నై 260, బెంగళూరు 250. అందుచేత ఈ ఊళ్లను ఒకదాని పక్కన ఒకటి పెట్టి మార్కులు వేయడం కంటే, మీకు అవసరమైనవాళ్లు ఏ దిక్కున ఉన్నారో మొదట చూసుకోవాలని నా అభిప్రాయం. మీ విషయంలో ఆ దిక్కు బెంగళూరు. దీని దగ్గరకు మళ్లీ వస్తాను. అంతకంటే ముందు నీళ్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇల్లు కొనేవారెవరూ అది సరిగా అడగరు.

కర్నూలుకు నది ఉంది. తుంగభద్ర ఒడ్డున, హంద్రీ వచ్చి దానిలో కలిసే చోట ఊరు వెలసింది. మిగతా రెండు ఊళ్లకూ ఈ భాగ్యం లేదు. నగరానికి ఎగువన సుంకేసుల బ్యారేజీ ఉంది. 1860ల నాటి కర్నూలు-కడప కాలువ అక్కడే మొదలై మూడు వందల కిలోమీటర్లు నడిచి కడప దగ్గర ముగుస్తుంది. సాగుకే కాక పడవల రాకపోకలకు కూడా పనికొస్తుందని మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన ఆ కాలువ, కంపెనీకి లాభం తేలేక 1882లో ప్రభుత్వం చేతికి వచ్చింది. నది ఉంది కదా అని ఎండాకాలంలో కర్నూలు కొళాయికి ఢోకా ఉండదనుకుంటే పొరపాటే. ఏప్రిల్ వచ్చేసరికి తుంగభద్ర ఇసుక తేలి, అక్కడక్కడ మడుగులు మాత్రమే మిగిలిన ఏడాదులు నా సర్వీసులో కొన్ని ఉన్నాయి. అప్పుడు ఆదుకునేవి సమ్మర్ స్టోరేజి ట్యాంకు, హంద్రీ మీది గాజులదిన్నె జలాశయం. దానికి సంజీవయ్య సాగర్ అని కర్నూలు దగ్గరి పెద్దపాడులో పుట్టిన ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. అయినప్పటికీ, మొత్తం మీద చూస్తే, కర్నూలులో నీటి ఎద్దడి అంటే కొన్ని వారాల ఇబ్బంది. అది జీవన విధానంగా మారలేదు.

కర్నూలుకు అసలు చిక్కు నీళ్లు లేకపోవడం కాదు, ఒక్కసారిగా రావడం. 2009 అక్టోబరు 2న ఏం జరిగిందో మీరు విశాఖలో టీవీలో చూసే ఉంటారు. పైన కుంభవృష్టి కురిసింది. తుంగభద్ర సుంకేసుల మీదుగా పొర్లింది. హంద్రీ పక్క నుండి ఎగదన్నింది. దిగువన శ్రీశైలం జలాశయం 885 అడుగుల గరిష్ఠ మట్టాన్ని దాటి 896 అడుగుల దాకా నిండడంతో నీరు కిందికి జారే వేగం తగ్గిపోయింది. నేను అప్పుడు కర్నూలులోనే, నదికి అర కిలోమీటరు దూరంలో, కింది అంతస్తులో అద్దెకు ఉంటున్నాను. ఇల్లు తీసుకునే రోజున యజమాని, ఇక్కడికి నీళ్లు రావడం మా తాత కాలంలో కూడా ఎరగమని చెప్పాడు, నీళ్ల శాఖ ఉద్యోగినై ఉండి నేనూ నమ్మాను. మూడో రోజు తిరిగి వెళ్లి తలుపు తోస్తే తెరుచుకోలేదు, లోపల మోకాటి లోతు ఒండ్రు పేరుకుంది. ఫ్రిజ్జు తేలిపోయి వెళ్లి మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. మా ఆవిడ ఊరగాయ జాడీలు ఎక్కడివి అక్కడే నిలబడి ఉన్నాయి గానీ మూతల మీద మట్టి అట్టకట్టింది. గోడ మీద, స్విచ్చిబోర్డుకు మూరెడు పైన, తాడు పట్టి గీసినంత తిన్నగా గోధుమరంగు గీత. ఆరు నెలల తరువాత అటు వెళ్లినప్పుడు చూస్తే, ఆ గోడలకు చక్కగా లేత పసుపు రంగు వేసి మరొకరికి అద్దెకిచ్చారు. కర్నూలులో పాత ఇల్లు చూడబోతే అటకల లోపలి గోడనూ, మెట్ల కింది మూలనూ చూడమని నేను ఇప్పటికీ చెబుతుంటాను. అంతదాకా ఎవరూ రంగు వేయరు.

అంతమాత్రాన కర్నూలు వద్దనడం లేదు. ఉద్యోగుల నివాసాలతో పెరిగిన క్యాంపుల వైపు, నంద్యాల రోడ్డు వైపు నది మట్టానికి బాగా ఎత్తున ఉన్న నేల చాలా ఉంది. 1953 అక్టోబరు 1 నుండి 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడే దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరు కనుక, కర్నూలు కాస్త పెద్ద ఊరి నడక నేర్చుకుంది. రోడ్ల పక్కన బండ్ల మీద ఉగ్గాని బజ్జీ దొరికే వేళలు, రాత్రి పది దాటినా తెరిచి ఉండే మందుల దుకాణాలు, ఉర్దూ, తెలుగు కలగలిసిన మాట, ఇవన్నీ ఆ నడకలో భాగమే. మూడింటిలో జనాభా ఎక్కువ ఉన్నది కూడా ఇదే.

అనంతపురం కథ దీనికి పూర్తిగా తలకిందులు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే జిల్లా అది. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని వట్టి గాలిగా వస్తాయి. ఈశాన్య మేఘాలు కోస్తాను తడిపి ఇక్కడికి చేరేసరికి అలిసిపోతాయి. ఊరికి నది లేదు. వానలకు మాత్రమే పారే వంకలు, చెరువులు ఉన్నాయి. బోరు వేస్తే లోతు పోయేకొద్దీ ఫ్లోరైడు భయం. జిల్లాలో 700కు పైగా ఊళ్లకు గొట్టాల ద్వారా నీళ్లిచ్చిన సత్యసాయి తాగునీటి పథకం 1990ల మధ్యలో వచ్చినప్పుడు, ఆ పథకం నీళ్లు మొదటిసారి కొళాయిలో చూసిన ముసలివాళ్లు దండం పెట్టుకోవడం నేను కళ్లారా చూశాను. నగరానికి నీళ్లు పెన్నహోబిలం బ్యాలెన్సింగు జలాశయం నుండి పెద్ద గొట్టాల్లో వస్తాయి. ఆ జలాశయానికి నీళ్లు తుంగభద్ర ఎగువ కాలువ నుండి, అంటే హోస్పేట దగ్గరి ఆనకట్ట నుండి వస్తాయి. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మేము పాత ఉద్యోగులం ఫోన్లు చేసుకుని నిద్రపోకపోవడానికి కారణం ఇదే. ఎక్కడో కర్ణాటకలో గొలుసు తెగితే అనంతపురంలోని వంటింటికీ ఆందోళన చేరుతుంది. 2012 నుండి హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం ద్వారా శ్రీశైలం వెనుక జలాలు జిల్లాలోని జీడిపల్లి జలాశయం దాకా రావడం మొదలయ్యాక పరిస్థితి చాలా మెరుగుపడింది. ఇది పొగడ్త కోసం అంటున్న మాట కాదు. 2000లకు ముందు ఆ ఊళ్లో వేసవి గడిపినవారెవరైనా ఒప్పుకుంటారు.

నేను పనిచేసిన రోజుల్లో అనంతపురంలో నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. ఆ క్రమానికి ఊరంతా ఎలా ఒదిగిపోయిందో చెబితే మీకు ఆ ఊరి స్వభావం తెలుస్తుంది. తెల్లవారుజామున వాల్వు తిప్పే మనిషి సైకిలు మీద ఇనుప తాళంచెవి భుజాన వేసుకుని వచ్చేవాడు. అతడి సైకిలు గంట వినగానే వీధిలో దీపాలు వెలిగేవి. ఎవరింటి సంపు ఎంత లోతో, ఎవరి మోటారు అక్రమంగా కొళాయికే బిగించి ఉందో అతడికి తెలుసు. పెళ్లి ముహూర్తాలు కూడా నీళ్లొచ్చే రోజు చూసి పెట్టుకుంటామని ఒక పెద్దాయన నాతో అన్నారు, నవ్వుతూ అన్నా అది హాస్యం కాదు. పొదుపు అక్కడి ఇళ్లలో పుట్టుకతో వస్తుంది. బియ్యం కడిగిన నీళ్లు తులసి చెట్టుకు పోయని ఇల్లు నాకు కనిపించలేదు. ఇప్పుడు కొత్త ఇళ్లన్నింటికీ పదివేల లీటర్లకు తగ్గని సంపు ఉంటోంది. మీరు కొనే ఇంటికి సంపు లేకపోతే, ఉన్నా అది మరుగుదొడ్డి తొట్టికి దగ్గరగా ఉంటే, ఆ ఇంటిని వదిలేయండి.

వాన తక్కువ ఊరు కనుక ముంపు ఉండదనుకోవడం అనంతపురంలో కొత్తగా ఇళ్లు కట్టుకున్నవారు చేసిన తప్పు. 2022 అక్టోబరులో ఎగువన చెరువులు అలుగు పారి నడిమివంక పొంగినప్పుడు, పదేళ్లుగా చుక్క నీరు చూడని కాలనీల్లో జనాన్ని పడవల మీద తెచ్చారు. వంక అంటే నది కాదు కాబట్టి ఎండిన ఏళ్లలో దాని మీద ఎవరికీ భయం ఉండదు. మొదట చెత్త పోస్తారు, తరువాత మట్టి పోస్తారు, ఆపైన లేఅవుట్ వేస్తారు. నీళ్లకు మాత్రం పాత దారి గుర్తుంటుంది.

కడప దగ్గరకు వస్తే, ఇక్కడ నీళ్లు చాలావరకు పెన్నా ఇసుక కింద తవ్విన బావుల నుండి వస్తాయి. ఇసుకే సహజమైన వడపోత కనుక రుచిలో మూడు ఊళ్లలో కడప నీళ్లే బాగుంటాయని నా నాలుక సాక్ష్యం. పెన్నా పారని ఏడాది ఆ బావుల్లో ఊట తగ్గుతుంది, ట్యాంకర్లు తిరుగుతాయి. వాన మాత్రం అనంతపురం కంటే ఎక్కువ, దాదాపు 700 మిల్లీమీటర్లు. అందులో అక్టోబరు, నవంబరు నెలల తుపాను వాటా పెద్దది. బుగ్గవంక ఊరి మధ్య నుండే పారుతుంది. 2001లోనూ, నివర్ తుపాను వచ్చిన 2020 నవంబరులోనూ అది రాత్రికి రాత్రి ఇళ్లలోకి వచ్చింది. ఇరు ఒడ్లనా రక్షణ గోడలు కట్టారు గానీ, వంకకు రెండు వీధుల లోపల నేనైతే కింది అంతస్తు కొనను.

మీ శ్రీమతి గారి మాట ఇక్కడ తప్పక ఆలోచించాలి. కడపకు మూడు వైపులా కొండలున్నాయి, ఊరు సముద్ర మట్టానికి సుమారు 140 మీటర్ల ఎత్తులో, పళ్లెంలో అన్నం ముద్దలా కూర్చుంది. ఏప్రిల్ చివరి నుండి జూన్ మొదటి వారం దాకా గాలి ఆడదు. ఎండ 44 డిగ్రీలు చూపే రోజులు విశాఖలోని మీకు అంకెలుగా తెలుసు, కానీ బాధ పగటిది కాదు, రాత్రిది. మే నెలలో రాత్రి పదకొండింటికి మంచం పక్క గోడకు చేతి వెనుక భాగం ఆనిస్తే వేడి నీళ్ల చెంబును తాకినట్టుంటుంది. మిద్దె స్లాబు పగలంతా తాగిన ఎండను తెల్లవారేదాకా ఇంట్లోకి దింపుతూనే ఉంటుంది. అందుకే పాతవాళ్లు నల్లటి కడప బండలు పరిచిన నేల మీద నీళ్లు చల్లి, చాప కూడా లేకుండా పడుకునేవారు. ఇప్పటికీ ఆ బండ చల్లదనానికి టైల్స్ సాటి రావు. అనంతపురంలో పగటి ఎండ కడప కంటే మరీ తక్కువేమీ కాదు, కానీ 340 మీటర్ల ఎత్తున, నాలుగు వైపులా తెరిచిన మైదానంలో ఉండడం వల్ల చీకటి పడగానే గాలి తిరుగుతుంది. ఆషాఢంలో ఆ గాలి దండెం మీది బట్టలను పక్క వీధికి చేరుస్తుంది, దుమ్ము కూడా తెస్తుంది, అది వేరే సంగతి. కర్నూలు ఈ రెండింటికీ నడుమ ఉంటుంది, అయితే మే నెలలో అది కడపకే దగ్గర.

ఆసుపత్రుల విషయంలో నాకు సందేహం లేదు, మూడింటిలో కర్నూలే ముందు. 1957లో మొదలైన వైద్య కళాశాల, దాని పెద్దాసుపత్రి చుట్టూ అరవై ఏళ్లకు పైగా వైద్యుల తరాలు పెరిగాయి. గద్వాల నుండీ, రాయచూరు, బళ్లారి వైపుల నుండీ రోగులు ఇక్కడికే వస్తారు. గుండె వైద్యం, శస్త్రచికిత్స రెండూ ప్రభుత్వాసుపత్రిలోనే ఉన్నాయి. అనంతపురం వైద్య కళాశాల 2000లో, కడప రిమ్స్ 2006లో వచ్చినవి. రెండూ బాగానే ఎదిగాయి గానీ, కష్టమైన కేసు వస్తే అనంతపురం వైద్యులు బెంగళూరుకూ, కడప వైద్యులు తిరుపతికో వేలూరుకో రాసి పంపడం ఇప్పటికీ మామూలే. అనంతపురానికి రెండు అదనపు అండలున్నాయి. పుట్టపర్తి దగ్గర 1991లో ప్రారంభమైన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో గుండె వైద్యం ఉచితం. బత్తలపల్లిలో ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే ఆసుపత్రి, విన్సెంట్ ఫెర్రర్ 1969లో జిల్లాకు వచ్చి మొదలుపెట్టిన సేవలో భాగం. అయితే పుట్టపర్తి ముందుగా తేదీ తీసుకుని వెళ్లే చోటు, అర్ధరాత్రి ఛాతీ నొప్పికి పరుగెత్తే చోటు కాదు. గుండె జబ్బు మనిషి ఇంట్లో ఉన్నప్పుడు లెక్కలోకి వచ్చేది పెద్ద నగరం దూరం కంటే మొదటి గంట. ఆ గంటలో గుండెపోటును గుర్తించి, గడ్డ కరిగించే మందు ఇవ్వగల ఆసుపత్రి ఇంటికి ఆటోలో పది, పదిహేను నిమిషాల్లో ఉండాలి. ఈ సదుపాయం మూడు ఊళ్లలోనూ ఉంది, కానీ ఊరి అంచున బైపాసు పక్కన వెలసిన విల్లాల్లో లేదు. చౌకగా వస్తుందని అంత దూరం పోవద్దు.

రాకపోకలకు వస్తే, విశాఖ స్నేహాలు మీకు ముఖ్యమైతే కడపకు ఒక సౌకర్యం ఉంది, తిరుమల ఎక్స్‌ప్రెస్ మీ ఊళ్లో ఎక్కితే కడపలోనే దించుతుంది. కడప ముంబై-చెన్నై రైలు మార్గం మీద ఉంది. అనంతపురం గుంతకల్లు-బెంగళూరు మార్గం మీద ఉండడంతో బెంగళూరుకు రైళ్లకు కొదవ లేదు, 2023లో వచ్చిన కాచిగూడ-యశ్వంతపూర్ వందే భారత్ కర్నూలులోనూ, అనంతపురంలోనూ ఆగుతుంది. విమానాశ్రయం కడపకు 2015 నుండీ, కర్నూలుకు ఓర్వకల్లు దగ్గర 2021 నుండీ ఉంది. రెండింటిలోనూ చిన్న విమానాలు, మారిపోయే వేళలు. విచిత్రమేమిటంటే, విమానాశ్రయం లేని అనంతపురం వారికే అసలైన విమానాశ్రయం అందుబాటులో ఉంది. బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి ఆ నగరానికి ఉత్తరాన, ఇదే 44వ నంబరు రహదారి మీద ఉండడం వల్ల నగరం రద్దీలోకి అడుగు పెట్టకుండానే మూడు గంటల్లో చేరుకోవచ్చు.

మనుషుల సంగతి ఒకటి, రెండు మాటల్లో చెబుతాను. కడప అంటే బాంబులూ, కక్షలూ అని కోస్తావారు భయపెడతారు, మీరు ఆ జిల్లాలోనే పుట్టారు కనుక మీకు చెప్పనక్కర లేదు. మా వీధిలో ఇరవై ఏళ్లుగా జరిగిన అతి పెద్ద గొడవ కొబ్బరి మట్ట పక్క ప్రహరీలో పడడం. ఉగాది నాడు దేవుని కడప వెంకటేశ్వరుడి దగ్గరకు ముస్లిములు టెంకాయలు తెచ్చే ఊరు, పెద్ద దర్గా ఉరుసుకు హిందువులు క్యూ కట్టే ఊరు ఇది. చదువుకునే అలవాటు ఉంటే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలతో నిలబడిన బ్రౌన్ గ్రంథాలయం ఒక్కటే కడపలో ఉండిపోవడానికి చాలు, నా మధ్యాహ్నాలు అక్కడే గడుస్తాయి. అనంతపురం చదువుల ఊరు, 1940ల నాటి ఇంజనీరింగు కళాశాల, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, 2018లో వచ్చిన కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. అధ్యాపకులు, విశ్రాంత అధ్యాపకులు వీధికి ఇద్దరు, ముగ్గురు తగులుతారు. ఏమప్పా అని మొదలుపెట్టి అరగంట మాట్లాడే తీరిక వాళ్లకుంది. కర్నూలులో స్నేహం త్వరగా కుదురుతుంది, కానీ అందరూ పని మీద ఉంటారు.

ఇప్పుడు మీ సంగతి. ఆసుపత్రి ఒక్కదాన్నే చూస్తే కర్నూలు, బంధువులను చూస్తే కడప. అయినా నేను మీకు అనంతపురం చెబుతాను. అమ్మగారికి ఏదైనా అయిన రాత్రి బెంగళూరులో కారెక్కిన అబ్బాయి తెల్లవారకముందే మీ పక్కన ఉండాలి. అనంతపురానికి అది మూడున్నర, నాలుగు గంటల పని, విశాలమైన రహదారి, ఘాటు లేదు. కర్నూలుకైతే అదే దారిలో మరో 150 కిలోమీటర్లు. కడపకు దూరం పెద్దదేమీ కాదు గానీ, మదనపల్లె, రాయచోటి మీదుగా రాత్రిపూట ఒంటరిగా నడపమని నా కొడుక్కైతే చెప్పను. ఎండ విషయంలోనూ మీ శ్రీమతి గారికి అక్కడి రాత్రులు కాస్త ఊరట. జమ్మలమడుగు వైపు పెళ్లిళ్లకూ, కర్మలకూ తాడిపత్రి మీదుగా మూడు గంటల్లోపే వెళ్లి రావచ్చు. ప్రతికూలమైనది నీళ్లొక్కటే, అది ఊరిని బట్టి కంటే వీధిని బట్టి ఉంటుంది.

అందుకే వెంటనే కొనకండి. జూన్‌లో విరమణ అంటున్నారు కనుక, వచ్చిన వెంటనే ఒక ఏడాదికి అద్దె ఇల్లు తీసుకుని, అక్టోబరు వానలూ, మే ఎండలూ రెండూ ఆ ఊళ్లోనే చూడండి. విరమణ సొమ్ము చేతికి రాగానే చుట్టాలూ, మధ్యవర్తులూ తొందరపెడతారు. మీరు ఆ ఏడాదీ బ్యాంకులో ఉంచిన డబ్బుకు నష్టం కంటే, తప్పు ఇల్లు కొన్న నష్టం చాలా పెద్దది. కొనే దశకు వచ్చినప్పుడు ఈసీ (ఆస్తి మీది పాత లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ పత్రం) ఒక్కటే చూసి తృప్తి పడకుండా, ఆ సర్వే నంబరు గ్రామ పటంలో వంక పోరంబోకుకు, అంటే వంక కోసం వదిలిన ప్రభుత్వ భూమికి, ఎంత దూరంలో ఉందో సర్వేయరుతో కొలిపించండి, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. పటంలో రెండు చుక్కల గీతల మధ్య నీలంగా కనిపించేది నేల మీద సిమెంటు రోడ్డుగా మారి ఉంటే, ఆ రోడ్డు పక్కనున్న ఇల్లు ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. వీధిలో ఇస్త్రీ బండి అతనినీ, పాలు పోసే ఆవిడనూ 2022 అక్టోబరులో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అడగండి. వాళ్లకు ఆ ఇంటిని అమ్మాల్సిన అవసరం లేదు కనుక చేయి పెట్టి చూపిస్తారు.

అద్దె ఇల్లు చూడడానికి వచ్చేటప్పుడు అమ్మగారిని కూడా తీసుకురండి, మెట్లు ఎన్ని ఎక్కగలరో మీ లెక్క కంటే ఆవిడ మోకాళ్ల లెక్క సరైనది. నీళ్లొచ్చే వేళ ఏదో కనుక్కుని, తెల్లవారుజామైనా సరే, ఆ వేళకు ఆ ఇంటి ముందు నిలబడండి. మోటారు వేయనివ్వకుండా, వీధి కొళాయి దగ్గర పదిహేను లీటర్ల బిందె పెట్టి గడియారం చూడండి. నిమిషం, నిమిషమున్నరలో నిండితే తాళంచెవి తీసుకోండి. ఐదు నిమిషాలు పట్టితే పక్క వీధి చూసుకోండి, ఎందుకంటే ఆ గొట్టం చివరి ఇల్లు అదే.